మొదటి తేనెటీగల పెట్టె: ఏ ఈగ, ఎక్కడ, ఎవరికి?

మా డాబా మీద పెట్టె చూసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఏడాదికి ఎన్ని కేజీలు వస్తుంది?" అనే. నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: "మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మీ పెట్టె ఎక్కడ ఉంటుంది?" గుంటూరులోనో విజయవాడలోనో సరదాగా తేనెటీగలు పెంచాలనుకునేవాళ్లకి ఏ రకం పనికొస్తుందో సగం ఇక్కడే తేలిపోతుంది. ఈగలు తమ పిల్లలున్న పట్టుని 34, 35 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవాలి. బయట 44, 45 ఉన్న రోజున ఆ పది డిగ్రీలు తగ్గించడానికి రోజంతా నీళ్లు మోసుకొచ్చి, గుమ్మం దగ్గర వరసగా నిలబడి రెక్కలతో విసురుతూనే ఉంటాయి. తేనె కోసం వెళ్లే తీరిక వాటికుండదు. చేతకాని రోజున పట్టు వదిలేసి మొత్తం గుంపు లేచిపోతుంది.

నా మొదటి పెట్టె అలాగే పోయింది. ఫిబ్రవరిలో తెచ్చి, పొద్దుటి ఎండ తగలాలని చదివి, డాబా మీద తూర్పు పిట్టగోడ పక్కన పెట్టాను. పొద్దుటి ఎండ తగిలింది, మధ్యాహ్నపు ఎండా తగిలింది. ఏప్రిల్ ఆఖర్లో ఒక ఆదివారం మూత తీస్తే లోపల చడీచప్పుడు లేదు. ఆరు చట్రాల (పట్టు కట్టుకోవడానికి పెట్టెలో వేలాడదీసే చెక్క ఫ్రేముల) పట్టు అలాగే ఉంది. అడుగు పలక మీద చచ్చిన ఈగలు నాలుగైదు, పట్టు మీద సాలెగూడులా అల్లుకుపోతున్న మైనపు పురుగు. పెట్టె అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "ఎండలకి అంతేనండీ" అన్నారు. ఆ మాట ఫిబ్రవరిలో చెప్పి ఉంటే బాగుండేది.

అందుకే రకాల దగ్గరికి వెళ్లేముందు మీ చోటు సంగతి చూడండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

నీడ. పదకొండు గంటల నుంచి నాలుగు దాకా పూర్తి నీడ ఉండాలి. చెట్టు నీడయితే మంచిది, తాటాకు పందిరైనా ఫరవాలేదు. రేకుల కింద మాత్రం వద్దు. వరద సంగతి కూడా మర్చిపోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు మునిగాయి. అలాంటి చోట పెట్టె నేల మీద ఉండకూడదు. డాబా మీద ఉంటే గాలి భయం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రాత్రి నేను పాత సైకిల్ ట్యూబుతో పెట్టెని స్టాండుకీ, స్టాండుని నీళ్ల ట్యాంకు దిమ్మకీ కట్టాను.

ఇరుగుపొరుగు. కుట్టడం గురించి అందరూ ముందే ఆలోచిస్తారు. ఎవరూ ఆలోచించనివి రెండున్నాయి. ఈగలు పెట్టెలో మలవిసర్జన చేయవు, ఎగురుతూ చేస్తాయి. పక్కింటివాళ్లు ఆరేసిన తెల్ల పంచె మీద పసుపు చుక్కలు పడితే అవి మీ ఈగలవే. రెండోది నీళ్లు. మీరు పెట్టకపోతే పక్కవాళ్ల ఏసీ గొట్టం దగ్గరికీ, కారుతున్న కుళాయి దగ్గరికీ వెళ్తాయి. ఒకసారి అలవాటు పడ్డాక ఆ చోటు మాన్పించడం మన తరం కాదు. అందుకే పెట్టె రాకముందే గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం మీ డాబా మీద ఉండాలి.

పూలు, మందులు. ఊళ్లో అనుకున్న దానికంటే ఎక్కువ పూలే ఉంటాయి: కొబ్బరి, మునగ, వేప, కానుగ, చింత, ఖాళీ స్థలాల్లో గడ్డి చామంతి. పల్లెలో పంటలు తోడవుతాయి. కానీ గుంటూరు జిల్లా అంటే మిర్చి కూడా. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి రైతుని కుదిపేసింది, మందు డబ్బాలు ఇంకా పెరిగాయి. మందు కొట్టిన చేలోకి వెళ్లిన ఈగలు తిరిగొచ్చి పెట్టె ముందు పడిపోతాయి. వంగి చూస్తే చాలావాటికి నాలుక బయటికి చాచి ఉంటుంది. మందు కాటేసిందనడానికి అదొక గుర్తు. చుట్టూ కిలోమీటరు దూరంలో మిర్చి, పత్తి ఎక్కువగా ఉంటే అక్కడ పెట్టె పెట్టకండి. రైతుతో మాట్లాడుకోవచ్చుగా అంటారు. సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టమని అడగొచ్చు, వినేవాళ్లూ ఉంటారు. కానీ పంట పోతున్న మనిషి మన సరదా కోసం ఎన్నాళ్లు ఆగుతాడు?

ఒళ్లు. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు ఈగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం లాంటివి జరిగి ఉంటే, కుట్టే రకాలు మీకు కావు. ఆ సంగతి తెలియక మొదలుపెట్టి, అలాంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కుట్టిన చోట మాత్రం వాయడం, దురద మామూలే. ముల్లుని రెండు వేళ్లతో పట్టి లాగకుండా గోటితో గీకెయ్యాలి. అది చర్మంలో ఎంతసేపుంటే అంత విషం దిగుతుంది.

## పెట్టెలో ఉండని రెండు

అపార్ట్‌మెంట్ల సజ్జా కింద, నీళ్ల ట్యాంకుల కింద వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగది. దాన్ని పెంచడం కుదరదు, రెచ్చగొడితే ప్రాణాల మీదికి వస్తుంది. గోరింటాకు కంచెలోనో నిమ్మకొమ్మకో అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగ ఇంకొకటి. ముద్దుగా ఉంటుందని కొమ్మతో సహా నరికి పెట్టెలో పెడతారు. అది వెలుతురులో ఒకే ఒక్క పట్టు కట్టుకునే జాతి, చీకటి పెట్టెలో నిలవదు. రెండింటినీ ఉన్నచోటే చూసి సంతోషించండి.

మిగిలినవి మూడు.

## కుట్టని తేనెటీగలు

పాత గోడ సందుల్లో, కరెంటు మీటరు డబ్బాల్లో నల్లగా, చీమంత ఉండే ఈగలు కనిపిస్తాయి. గుమ్మానికి మైనం, జిగురు కలిపి చిన్న గొట్టం కట్టుకుంటాయి. లోపల పలకల్లాంటి పట్టు ఉండదు, బఠానీ గింజంత కుండలు గుత్తులుగా ఉంటాయి, వాటిలో తేనె. కేరళలో వీటిని కుండల్లో, వెదురు బొంగుల్లో ఎన్నాళ్ల నుంచో పెంచుతున్నారు.

ఇవి కుట్టవు. కోపమొస్తే జుట్టులో దూరి, చెవి దగ్గర చేరి సన్నగా కొరుకుతాయి. ముసుగు టోపీ చాలు. అర కిలోమీటరు లోపే మేత చూసుకుంటాయి కాబట్టి చుట్టూ ఉన్న కుండీలు, మునగ చెట్టు, గడ్డి పూలే వాటి లోకం.

లోటు తేనె. ఏడాదికి పావుకిలో, బాగుంటే అరకిలో. పుల్లగా, పల్చగా ఉంటుంది. నీటి శాతం ఎక్కువ కాబట్టి త్వరగా పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఇంకో లోటు, నా లెక్కలో ఇదే పెద్దది: నేర్చుకోవడానికి లోపల పెద్దగా చూడనివ్వవు. మాటిమాటికీ మూత తీస్తే కుండలు పగులుతాయి, చీమలు వస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెరవడమే. చట్రం ఎత్తి రాణిని వెతికే సరదా ఇక్కడ లేదు. మా ఇంట్లో మాత్రం గుమ్మం గొట్టం దగ్గర కూర్చుని కాఫీ తాగడమే ఒక సరదా అయింది. సాయంత్రానికి ఆ గొట్టం మూతి సన్నబడుతుంది, పొద్దున మళ్లీ తెరుచుకుంటుంది.

## పుట్ట తేనెటీగలు

మన నేల ఈగ ఇది. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో సమాంతరంగా నాలుగైదు పట్లు కట్టుకునే అలవాటు ఉంది కాబట్టి పెట్టెలో చట్రాలకి ఒప్పుకుంటుంది. తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ వందేళ్ల కిందట ఈ ఈగ సైజుకి తగ్గట్టు చేసిన ఏడు చట్రాల పెట్టె ఇప్పటికీ న్యూటన్ పెట్టె పేరుతోనే దొరుకుతుంది.

తేనెటీగల పెంపకం అనే విద్య నేర్చుకోవాలంటే ఇదే బడి. పొద్దున ఏడున్నరకి, పొగడబ్బాలో కొబ్బరి పీచు వెలిగించి, మూత కొంచెం ఎత్తి రెండు పొగలు వదిలితే ఈగలు తేనె తాగడానికి కిందికి దిగుతాయి. చట్రాన్ని రెండు చెవులూ పట్టి నిటారుగా ఎత్తాలి. వెలుగుకి ఎదురు పెట్టి చూస్తే గది అడుగున బియ్యం నూకలా నిలబడ్డ గుడ్డు కనిపిస్తుంది. ఆ గుడ్డు నిటారుగా ఉందంటే రాణి ఇవాళో నిన్నో ఇక్కడ తిరిగింది. రాణిని వెతకనక్కర్లేదు, గుడ్డు చూస్తే చాలు. ఇది నాకు మూడో నెలలో గాని తెలియలేదు. అప్పటిదాకా ప్రతి ఆదివారం రాణి కోసం ఏడు చట్రాలూ తిరగేసి వాటి ప్రాణం తీశాను.

ఏడాదికి 3 నుంచి 5 కేజీలు, మంచి తోటలో ఇంకా ఎక్కువ. మూడొంతుల గదులకి మైనం మూత పడ్డాకే తీయాలి, లేకపోతే తేనె పులుస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే దీనికి ఓపిక తక్కువ. ఎండ ఎక్కువైనా, తిండి తగ్గినా, చీమలు వచ్చినా, మనం మరీ కెలికినా లేచిపోతుంది. మే నుంచి వానలు తగ్గేదాకా పూలు తక్కువ, చక్కెర నీళ్లు సమంగా కలిపి లోపల పెట్టాలి. పిల్లలు సంచుల్లా ఉబ్బి చచ్చిపోయే వైరస్ జబ్బు దీనికి పెద్ద శత్రువు. 1991-92 ప్రాంతంలో అది దక్షిణాదిని చుట్టబెట్టి, పెంపకందార్ల పెట్టెలు వరసగా ఖాళీ చేసింది. మందు లేదు. తట్టుకున్న గుంపుల నుంచి పిల్ల గుంపులు తీసుకోవడమే దారి.

## ఇటాలియన్ తేనెటీగలు

శాస్త్రీయనామంలో మెల్లిఫెరా అనేది దీన్నే. 1962లో నగ్రోటా బగ్వాన్‌లో, అంటే ఇప్పటి హిమాచల్‌లో, మన దేశంలో స్థిరపడింది. లారీల్లో రాత్రిపూట పెట్టెలు మార్చుకుంటూ పొద్దుతిరుగుడు చేల గట్ల మీద దింపేవాళ్ల దగ్గర ఉండేవి ఎక్కువగా ఇవే. పది చట్రాల పెట్టె, యాభై వేల దాకా ఈగలు. ఊరూరా తిప్పితే పెట్టెకి 25 నుంచి 40 కేజీలు తీస్తారు.

ఈ అంకె చూసే చాలామంది పడిపోతారు. "తిప్పితే" అన్న మాట చదవరు. ఒకేచోట ఉంచితే అంత మంది ఈగలకి ఊళ్లో తిండి చాలదు. మీరు తీసే తేనె కంటే పోసే చక్కెర ఎక్కువవుతుంది. పైగా ఒంటి మీద అతుక్కునే వరోవా నల్లి దీనికి తప్పని బెడద, దాన్ని లెక్కపెట్టడం, అదుపు చేయడం ఒక వేరే చదువు. పుట్ట ఈగ ఆ నల్లిని తనే చాలావరకు దులుపుకుంటుంది. నిండిన పెట్టెని ఒక్కరు ఎత్తలేరు.

మంచి గుణం చెప్పకపోతే తప్పు: పుట్ట ఈగలా చటుక్కున లేచిపోదు, చట్రం ఎత్తితే పట్టు మీద స్థిమితంగా ఉంటుంది. మంచి గుంపు దొరికితే కొత్తవాళ్ల చేతికి ఇదే సుఖం.

| చూసేది | కుట్టని ఈగ | పుట్ట ఈగ | ఇటాలియన్ ఈగ |
|---|---|---|---|
| ఈగల లెక్క | కొన్ని వేలు | పది, ఇరవై వేలు | యాభై వేల దాకా |
| మేత దూరం | అర కి.మీ. లోపు | కి.మీ. అటూ ఇటూ | రెండు మూడు కి.మీ. |
| ఏడాది తేనె | పావు, అర కిలో | 3–5 కేజీలు | తిప్పితే 25–40 కేజీలు |
| కుట్టడం | లేదు | ఉంది | ఉంది, ఈగలూ ఎక్కువే |
| లేచిపోవడం | అరుదు | తరచు | తక్కువ |
| పెద్ద బెడద | చీమలు, నేరు ఎండ | మైనపు పురుగు, వైరస్ జబ్బు | వరోవా నల్లి, తిండి కొరత |
| మన పని | నెలకోసారి గుమ్మం చూడటం, ఏడాదికి ఒకటి రెండుసార్లు తెరవడం | వారం, పది రోజులకోసారి తెరవడం | వారం వారం, పైగా బరువు |

## ఎవరికి ఏది

విజయవాడ అపార్ట్‌మెంట్‌లో ఉంటే కుట్టని ఈగ తప్ప ఇంకోటి ఆలోచించకండి. బాల్కనీలో ఉత్తరం వైపు, ఎండ పడని మూల చాలు. అసోసియేషన్ వాళ్లకి ముందే చూపించండి. మా కింది వాటా పిన్నిగారు మొదట్లో "ఏవండీ, ఈ దోమలేంటి పైనుంచి వస్తున్నాయి?" అన్నారు. గొట్టం దగ్గర కాళ్లకి పసుపు ముద్దలతో దిగుతున్న ఈగని చూపించాక ఆవిడే మనవళ్లని తీసుకొచ్చి చూపించడం మొదలుపెట్టారు.

ఊళ్లో సొంత డాబా, పక్కన చెట్టు ఉన్నవాళ్లది తేలని కేసు. పుట్ట ఈగ పెట్టొచ్చు, కానీ పెట్టె ముఖం పక్కింటివాళ్ల వైపు ఉండకూడదు. ముందు ఆరడుగుల నెట్టో తీగ పందిరో ఉంటే ఈగలు పైకి లేచి వెళ్తాయి. రాత్రి లైటు దానిమీద పడకూడదు, పడితే ఈగలు బల్బు చుట్టూ చేరతాయి. ఈ రెండూ కుదరకపోతే కుట్టని ఈగతోనే సరిపెట్టుకోండి.

తెనాలి, కొల్లిపర వైపు, కృష్ణా నది లంకల్లో, కొబ్బరి, అరటి, నిమ్మ తోటల మధ్య మీకో బంధువుల ఇల్లుంటే పుట్ట ఈగకి అంతకంటే మంచి చోటు లేదు. నా రెండో పెట్టె కొల్లిపర దగ్గర మా బావగారి తోటలో ఉంది. ఒక్కటే షరతు: వారానికోసారైనా మీరు వెళ్లగలగాలి. "బావగారు చూసుకుంటార్లే" అనుకుంటే బావగారు చూస్తారు, దూరం నుంచి.

నల్లరేగడిలో ధనియాలు, నువ్వులు వేసే ఊళ్లలో పూత కాలం బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. పెట్టెని మార్చే ఏర్పాటు లేకపోతే అక్కడ మొదలుపెట్టకండి.

తేనె అమ్మి నాలుగు డబ్బులు చూడాలనుకుంటే ఇటాలియనే. కానీ అప్పుడది సరదా అనిపించుకోదు, లారీ, కూలీలు, రైతులతో మాటలు ఉన్న వ్యాపారం. ఖాదీ కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ కింద ఒక్కొక్కరికి పది పెట్టెల లెక్కన ఇస్తారు. పది పెట్టెలతో మొదలుపెట్టే సరదామనిషి పదిరెట్లు తప్పులు చేస్తాడు.

## నేర్చుకోవడం ఎక్కడ, కొనడం ఎలా

వీడియోలు చూసి నేర్చుకోవచ్చా? పెట్టె భాగాలు తెలుస్తాయి. చల్లటి దేశాల వీడియోలయితే చలికాలంలో పెట్టెకి దుప్పటి ఎలా కప్పాలో కూడా తెలుస్తుంది, మనకి అదెందుకో! గుంటూరు లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, బాపట్ల వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగంలో, జగ్గయ్యపేట వైపువాళ్లు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ ఎప్పుడుందో అడగండి. అక్కడ జబ్బులు, చట్రాలు, లెక్కలు పద్ధతిగా చెబుతారు. చేతికి అలవాటు పడాలంటే మాత్రం పెట్టెలున్న మనిషి వెంట నాలుగైదు ఆదివారాలు తిరగాలి. రెండోదానికే నా ఓటు. మొదటిసారి చేతి మీద ఈగ కుట్టినప్పుడు చట్రం వదిలేస్తారా, పట్టుకుని ఉంటారా అన్నది అక్కడే తెలుస్తుంది. వదిలేసేవాళ్లు కుట్టని ఈగకి మారిపోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

కొనేటప్పుడు ఖాళీ పెట్టె కొని ఈగలు వస్తాయని ఎదురుచూడకండి. గుంపుతో సహా కొనండి, మూత తీయించి చూడండి: గుడ్లు ఉండాలి, మైనం మూత పడ్డ పిల్లల గదులు నాలుగు చట్రాల మీదయినా ఉండాలి. పుట్ట ఈగకి ఇటాలియన్ పెట్టె అంటగట్టేవాళ్లుంటారు, "ఏదైనా ఒకటేనండీ" అని. ఒకటి కాదు. చట్రాల మధ్య ఎడం తేడా వస్తే పట్టు వంకరగా కట్టి చట్రాలన్నీ ఒకదానికొకటి అతికించేస్తాయి. మైనపు పలక (పట్టుకి ఆధారంగా చట్రంలో అతికించే, గదుల అచ్చున్న మైనపు రేకు) కూడా పుట్ట ఈగ సైజుదే అడగండి.

కొనే కాలం అక్టోబరు ఆఖరు, నవంబరు. తుఫాను కబురు లేని వారం చూసుకోండి. అప్పటి నుంచి వేప, కానుగ పూత అయ్యేదాకా ఈగలు తమంతట తాము బతుకుతాయి, మీకు నేర్చుకునే వ్యవధి ఉంటుంది. మార్చిలో ఎవరైనా సగం ధరకి ఇస్తామన్నా తీసుకోకండి.

స్టాండు నాలుగు కాళ్ల కింద నాలుగు ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి, నీళ్లు పోసి, పైన ఇంజినాయిల్ నాలుగు చుక్కలు వేయండి, చీమలు రావు. అవి వారానికోసారి ఎండిపోతాయి. నేను ఆదివారం టిఫిను తినేముందు పోస్తాను. తిన్నాక పోద్దామనుకున్న రోజు మర్చిపోతాను.